ఏజెన్సీ ఆసుపత్రుల ఆపరేషన్ థియేటర్లకు దూరం నుంచి నిపుణుల పర్యవేక్షణ ఏర్పాటు చేయాలని కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

సమర్పిస్తున్నవారు: పాడేరు, రంపచోడవరం, చింతూరు ఐటీడీఏల పరిధిలోని గ్రామస్థులు, ఆశా కార్యకర్తలు, ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న, పనిచేసి విరమించిన వైద్యులు, నర్సులు.

విషయం: అత్యవసర ఆపరేషన్ల సమయంలో ఏజెన్సీ వైద్యులకు బోధనాసుపత్రుల నిపుణులు వీడియో ద్వారా తోడుండే శాశ్వత ఏర్పాటు గురించి.

అయ్యా,

పాడేరు నుంచి విశాఖపట్నం సుమారు 110 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే పెద్ద దూరంలా కనిపించదు. అయితే ఘాట్ దిగే సమయమొక్కటే లెక్కవేస్తే సరిపోదు. గూడెం నుంచి రోడ్డు దాకా డోలీలో మోసిన సమయం, అక్కడి నుంచి ఫీడర్ బైకు మీదో 108లోనో వచ్చిన సమయం, దగ్గరి ఆసుపత్రిలో చూసి కిందికి తీసుకుపొమ్మని చీటీ రాసేదాకా గడిచిన సమయం, అన్నీ కలపాలి. చింతూరు వైపు వానాకాలంలో ఈ లెక్క కూడా నిలవదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి నది నీరు వెనక్కి తన్ని చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల్లో రోడ్లు మునిగిపోయాయి. అలాంటి రోజుల్లో రిఫరల్ చీటీ రాసి ఏం లాభం? ఉన్న ఆసుపత్రిలో, ఉన్న డాక్టరే చేయగలిగింది చేయాలి.

ఆ డాక్టరుకు తనకన్నా చేయి తిరిగినవారి తోడు కావాలి. ఆ తోడు విశాఖలోనో కాకినాడలోనో కూర్చున్నా సరే, ఆపరేషన్ బల్ల మీద జరుగుతున్నది వారికి కనిపించాలి, వారి మాట థియేటర్లో వినిపించాలి. ఈ కాగితంలోని మిగతా కోరికలన్నీ దీనికోసమే.

ఏ ఆపరేషన్ల గురించి అడుగుతున్నామో ముందే చెప్పకపోతే, అడవిలో గుండె మార్పిడి చేయమంటున్నారని ఎవరో ఒకరు నవ్వి పక్కన పడేస్తారు. ఏ మనిషికైనా రెండు గంటల ప్రయాణంలో మూడు శస్త్రచికిత్సలు అందాలని ప్రపంచ శస్త్రచికిత్సపై లాన్సెట్ కమిషన్ 2015లో చెప్పింది. అవి సిజేరియన్, పొట్ట తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్, ఎముక చర్మాన్ని చీల్చుకొచ్చిన విరుపుకు చికిత్స. ఈ మూడూ చేయగల ఆసుపత్రి మామూలు ఆపరేషన్లు చాలావరకు చేయగలదని కమిషన్ అంచనా. మా అవసరాలూ దాదాపు అవే. పెద్దాపరేషన్ కావాల్సిన కాన్పులు, నాళంలో నిలిచి పగిలిన గర్భాలు, బిగుసుకుపోయిన హెర్నియా, కుళ్లిన అపెండిక్స్, చింతచెట్టు మీంచో జీలుగు చెట్టు మీంచో పడి విరిగిన కాళ్లు, ఎలుగుబంటి చీల్చిన ముఖాలు.

ఒక్క సందర్భం వివరిస్తాం. సిజేరియన్ చేయగల యువ వైద్యురాలు రాత్రి డ్యూటీలో ఉన్నారు. బిడ్డ క్షేమంగా బయటికి వచ్చింది. గర్భాశయం మాత్రం ముడుచుకోవడం లేదు. ఇంజెక్షన్లు ఇచ్చారు, మర్దన చేశారు, రక్తం ఆగలేదు. గర్భాశయం చుట్టూ దారం తిప్పి వత్తి కట్టే బి-లించ్ కుట్టు 1997 నుంచి వైద్య ప్రపంచానికి తెలుసు. ఆమె దాన్ని పుస్తకంలో చదివారు, పీజీలో ఎవరో వేస్తుంటే చూశారు, తన చేత్తో మాత్రం ఎప్పుడూ వేయలేదు. తెర మీద అవతల ఉన్న ప్రొఫెసరు గారు, "ముందు రెండు చేతులతో నొక్కి చూడమ్మా, రక్తం తగ్గుతోందా? తగ్గితే కుట్టు పనిచేస్తుంది. ఇప్పుడు కోతకు మూడు సెంటీమీటర్ల కింద సూది దించు. నువ్వు ముడి వేసేదాకా సిస్టర్ నొక్కే ఉంచాలి" అని చెబితే ఆ తల్లి గర్భాశయమూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిన యంత్రమేదీ లేదు. ఆ ప్రొఫెసరు గారు ఆ రాత్రి డ్యూటీలో ఉండటమే కొత్త.

నిపుణులు "పొట్ట తెరవొద్దు, పంపించు" అనే సందర్భాలు కూడా ఉంటాయి. లేదా "లోపల గుడ్డలు కూరి, పైన మూసి, రక్తం ఎక్కిస్తూ పంపించు, ఇక్కడ థియేటర్ సిద్ధం చేసి ఉంచుతాను" అనవచ్చు. రిఫర్ చేయడం తప్పని మేం అనడం లేదు. ఎవరూ చూడకుండా, అవతల ఎవరికీ చెప్పకుండా రిఫర్ చేయడం తప్పు.

ఇది అసాధ్యం కాదని చెప్పడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. టెలిమెడిసిన్ మన చిత్తూరు జిల్లా అరగొండకు 2000లోనే వచ్చింది. ఇస్రో ఉపగ్రహం సాయంతో ఆ ఊరి ఆసుపత్రి నగరంలోని వైద్యులతో మాట్లాడింది. 2019 నవంబరులో ఆరోగ్య కేంద్రాల్లో ఈ-సంజీవని టెలిమెడిసిన్ సేవను ముందుగా అమలు చేసింది కూడా మన రాష్ట్రమే. శస్త్రచికిత్స వరకు వస్తే, ఈక్వడార్‌లో లారీ మీద కట్టిన థియేటర్‌తో కొండప్రాంతాలకు తిరిగే వైద్య బృందానికి 1990ల చివర అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుంచి సర్జన్లు సలహాలిచ్చారు. అప్పటి ఇంటర్నెట్ వేగం ఇప్పుడు మన చేతిలోని ఫోన్‌కు ఉన్న దానిలో లేశం కూడా కాదు. 2003లో కెనడాలోని హామిల్టన్ నుంచి డాక్టర్ మెహ్రాన్ అన్వరీ, సుమారు 400 కిలోమీటర్ల దూరంలోని నార్త్ బే ఆసుపత్రిలో ఉన్న రోగులకు రోబో చేతులతో ఆపరేషన్లు చేశారు. అంతకు ముందు 2001 సెప్టెంబరు 7న న్యూయార్క్‌లో కూర్చున్న జాక్ మారెస్కో, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని తీశారు. మన దేశంలో 2018 డిసెంబరులో డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగర్ నుంచి అహ్మదాబాద్‌లోని రోగి గుండె నాళానికి రోబో సాయంతో స్టెంటు వేశారు.

ఈ కథలు చెబితే అధికారులు వెంటనే రోబో ధర అడుగుతారు. రోబో మాకు వద్దు. దాన్ని కొంటే రిబ్బన్ కత్తిరించే రోజు ఫోటో వస్తుంది, తర్వాత దాన్ని నడిపేవాళ్లు ఉండరు. ఆ కథల్లో పత్రికలు పట్టించుకోని సంగతి మరొకటి ఉంది. నార్త్ బేలో రోగి బల్ల పక్కన శిక్షణ పొందిన స్థానిక సర్జన్ చేతులు కడుక్కుని సిద్ధంగా నిలబడి ఉండేవారు. లైను తెగితే పని పూర్తి చేయగలవారు అక్కడే ఉన్నారు. దూరం నుంచి ఎవరు చూసినా, ఇక్కడ కత్తి పట్టగల చేయి లేకపోతే ఆ చూపు వృథా.

అందుకే మా మొదటి కోరిక ఈ వైపు మనుషుల గురించి. వీడియో వచ్చిందనే సాకుతో ఒక్క సర్జన్ పోస్టు, ఒక్క గైనకాలజిస్టు పోస్టు, ఒక్క మత్తు డాక్టరు పోస్టు కూడా తగ్గించబోమని, ఖాళీగా ఉంచబోమని ప్రభుత్వ ఉత్తర్వులోనే రాయాలి. అరకు, చింతపల్లి, రంపచోడవరం, చింతూరు ఆసుపత్రుల్లో ఇరవై నాలుగు గంటలూ సిజేరియన్ జరిగేలా సిబ్బందిని వేయాలి. మత్తు డాక్టరు దొరకని చోట ఎంబీబీఎస్ వైద్యులకు ప్రాణరక్షక మత్తు శిక్షణ ఇచ్చే పథకం ఉంది. ఆ శిక్షణ పొందినవారిని తీసుకెళ్లి ఆఫీసు ఫైళ్ల దగ్గర కూర్చోబెట్టకూడదు. వారి తలకు ఎదురుగానూ ఒక తెర ఉండాలి. అవతల సర్జన్ ఒక్కరే ఉంటే చాలదు, మత్తు నిపుణులు కూడా ఉండాలి. మా ప్రాంతంలో సికిల్ సెల్ ఉన్నవారు చాలామంది. వారికి మత్తు ఇచ్చేటప్పుడు ఒళ్లు చల్లబడినా, నీరు తగ్గినా, ఆక్సిజన్ కాస్త పడిపోయినా ముప్పు ముంచుకొస్తుంది. కింద పీజీ చేసి కొత్తగా కొండెక్కిన డాక్టరుకు ఈ జబ్బు పుస్తకంలోనే తెలిసి ఉండవచ్చు. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023లో మొదలైన తర్వాత పరీక్షలు జరిగాయి, కార్డులు వచ్చాయి. ఆ కార్డు చూడకుండా ఎవరినీ థియేటర్‌లోకి తీసుకోకూడదు.

రక్తం సంగతి విడిగా చెప్పాలి. అవతల ఎంత గొప్ప సర్జన్ ఉన్నా తెరలోంచి రక్తం ఎక్కించలేరు. పెద్ద ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు అనుబంధంగా రక్త నిల్వ కేంద్రం పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఫ్రిజ్, టెక్నీషియన్, వారానికోసారి కచ్చితంగా వచ్చే బండి ఉంటే అది నడుస్తుంది. ఈ మూడూ లేని ఆసుపత్రికి కెమెరా బిగించొద్దని కూడా అడుగుతున్నాం.

ఇక అవతలి వైపు. ఇప్పుడు కూడా ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. థియేటర్‌లో ఇబ్బంది వస్తే డాక్టరు తన పాత ప్రొఫెసరుకు రాత్రి రెండింటికి కాల్ చేస్తారు, నర్సు ఫోన్ పట్టుకుంటుంది. ఆయన ఎత్తితే అదృష్టం. ఎత్తి చెప్పినా అది డ్యూటీ కాదు, స్నేహం. రేపు ఏదైనా జరిగితే ఆ మాట ఏ కాగితంలోనూ ఉండదు. ఈ అప్పుల మీద నడిచే బతుకు ఇక చాలు. విశాఖ కేజీహెచ్‌లో, కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో శస్త్రచికిత్స, స్త్రీవైద్య, మత్తు విభాగాల నుంచి ఒక్కొక్కరు రోజూ ఈ పని మీద పేరుతో డ్యూటీలో ఉండాలి. ఆ గంటలు వారి డ్యూటీ గంటల్లో లెక్కకు రావాలి. ఓపీ చూస్తూ, క్లాసు చెబుతూ మధ్యలో తెర చూసుకోమంటే కుదరదు. కొండ మీంచి పిలుపు వచ్చిన పది నిమిషాల్లో తెర ముందుకు రావాలని, రాలేకపోతే తర్వాతి పేరుకు కాల్ దానంతటదే వెళ్లాలని కోరుతున్నాం. దీనికి గౌరవ వేతనం ఇవ్వాలి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్‌కు వచ్చే ప్యాకేజీలో దూర సలహాకు వేరే పద్దు పెట్టవచ్చు. పాడేరులో వైద్య కళాశాల వచ్చింది గనుక మున్ముందు ఈ బాధ్యతలో కొంత పాడేరు పంచుకోవచ్చు. ఈలోగా అనుభవం ఉన్నవాళ్లు కిందే ఉన్నారు.

అవతలివారికి మా థియేటర్ తెలియాలి. ఇదే అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయే సంగతి. ఏ సూది ఉంది, ఏది లేదు, ఏ నర్సు చేయి తొందర, కరెంటు పోతే జనరేటర్ అందుకోవడానికి ఎంత సేపు పడుతుంది, ఇవన్నీ తెలిసినవారు ఇచ్చే సలహా వేరు. ఏసీ థియేటర్‌లో అలవాటైన పరికరం పేరు చెప్పి "అది తీసుకో" అంటే ఇక్కడ మొఖాలు చూసుకోవాలి. అందుకని పర్యవేక్షించే నిపుణులు మూడు నెలలకోసారైనా కొండెక్కి, అదే థియేటర్‌లో, అదే బృందంతో ఆపరేషన్లు చేయాలి. మా వైద్యులు, థియేటర్ నర్సులు ఏడాదిలో కొన్ని వారాలు కింద వారి దగ్గర పనిచేయాలి. పీజీ వైద్యులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నిబంధన ఉంది. అర్హత ఉన్న మా ఆసుపత్రులకు ఆ పీజీలను పంపి, వారి ప్రొఫెసర్లనే తెర అవతల కూర్చోబెడితే ఆ చదువు కూడా సార్థకమవుతుంది.

పరికరాల విషయంలో టెండర్ రాసేవారికి కొన్ని మాటలు. థియేటర్ దీపం కింద మామూలు కెమెరా పెడితే గాయం తెల్లగా వెలిగిపోయి ఏమీ కనపడదు. పైన గోడకు బిగిస్తే సర్జన్ తలే అడ్డొస్తుంది. కెమెరా దీపంలోనే ఇమిడి ఉండాలి, లేదా సర్జన్ తలకు కట్టుకునేదిగా ఉండాలి. ల్యాప్రోస్కోపీ ఉన్న చోట బొమ్మ ఎలాగూ తెర మీదే ఉంటుంది గనుక ఆ తీగనే పంపితే చాలు. నిపుణులు తెర మీద గీత గీసి చూపించే వీలు ఉండాలి. మత్తు యంత్రం దగ్గరి మానిటర్ అంకెలు వేరేగా కనిపించాలి. థియేటర్‌లో సక్షన్ చప్పుడు, కాటరీ చప్పుడు, ఏసీ హోరు మధ్య మాట వినపడాలంటే చెవిలో పెట్టుకునే మంచి మైకు కావాలి. కంపెనీలు ఇంటర్నెట్ వేగం గురించి చెప్పేదంతా డౌన్‌లోడ్ గురించి. మాకు కావాల్సింది అప్‌లోడ్. బొమ్మ ఇక్కడి నుంచి అక్కడికి పోవాలి కదా. ఫైబర్ ఒకటి, అది తెగితే వేరే దారిలో వచ్చే ఉపగ్రహమో మొబైల్ టవరో మరొకటి, రెండూ ఉండాలి. ఒకే స్తంభాల మీద వేలాడే రెండు తీగలు పెట్టి రెండు లైన్లు ఇచ్చామంటే ఒప్పుకోం. కొండల్లో ఈదురుగాలి వస్తే రెండూ ఒకేసారి పడతాయి.

పద్ధతులు రాసిపెట్టాలి. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ "కుడికి కొట్టు" అంటే డ్రైవర్ కుడో, తన కుడో ముందే తెలియాలి కదా. అలాగే ఎడమ కుడి అనేది ఎప్పుడూ రోగి ఎడమ కుడి మాత్రమే కావాలి. చెప్పిన మాటను ఇక్కడి సర్జన్ తిరిగి పలికిన తర్వాతే చేయాలి. కోత పెట్టకముందే ఇద్దరూ ఒక ఒప్పందానికి రావాలి. లైను తెగితే ఏం చేయాలి, ఎంత వరకు వచ్చాక వెనక్కి రాకూడదు, ఎప్పుడు మూసేసి పంపించాలి. ఇక్కడి వైద్యులు ఒంటరిగా పూర్తి చేయలేనిదీ, సురక్షితంగా ఆపలేనిదీ తెర ధైర్యంతో మొదలుపెట్టకూడదు. ఈ ఒక్క నియమం మీద మాలోని డాక్టర్లకూ గ్రామస్థులకూ కాస్త వాదన జరిగింది. ప్రాణం పోతుంటే నియమమేమిటని గ్రామస్థులు అడిగారు. మరో దారి లేని ప్రాణాపాయంలో, రోడ్డు మూసుకుపోయిన రోజుల్లో, ఇద్దరు వైద్యులూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే మినహాయింపు ఉండాలని చివరికి అందరం అంగీకరించాం.

చట్టం గురించి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వైద్యులు ఒకరినొకరు సంప్రదించడాన్ని ఒప్పుకున్నాయి. అయితే దూరం నుంచి శస్త్రచికిత్స చేయడం తమ పరిధిలోకి రాదని స్పష్టంగా చెప్పాయి. చూసి సలహా చెప్పడం ఏ వైపు వస్తుందన్నది సందిగ్ధం. సలహా అడిగిన వైద్యుడే చికిత్సకు బాధ్యుడని ఆ మార్గదర్శకాలు అంటున్నాయి. అంటే అవతల ప్రొఫెసరు చెప్పింది చెప్పినట్టు చేసినా, కేసు మాత్రం కొండ మీది జూనియర్ మీదే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల రోగి మరణించినట్టు రుజువైతే వైద్యులకు రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. ఈ భయంతోనే చాలామంది చేయి పెట్టకుండా చీటీ రాస్తారు. వారిని మేం నిందించలేం. జాతీయ వైద్య కమిషన్ నుంచి స్పష్టత తీసుకోవాలి. అది వచ్చేలోగా, రాసిపెట్టిన పద్ధతి పాటించిన ఇద్దరు వైద్యులకూ న్యాయ సహాయం, పరిహార బాధ్యత ప్రభుత్వమే తీసుకుంటుందని జీవో ఇవ్వాలి. స్వతంత్ర వైద్య అభిప్రాయం లేకుండా వైద్యుడి మీద క్రిమినల్ చర్యకు దిగరాదని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏజెన్సీ పోలీస్ స్టేషన్లకు ఆ తీర్పు సంగతి మళ్లీ గుర్తు చేయాలి.

ఈ ఏర్పాటులో కోత పడేది మా ఒంటి మీద. ఆపరేషన్‌ను ఇంకెవరో దూరం నుంచి చూస్తారని, రికార్డు చేస్తారని రోగికి తన భాషలో చెప్పాలి. కువి మాట్లాడే కోందు తల్లికి, కోయ తల్లికి, అరకు వైపు ఆదివాసీ ఒడియా తప్ప మరొకటి రాని ముసలమ్మకు తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని సమ్మతి అయిపోయిందంటే కుదరదు. ప్రతి ఆసుపత్రిలో ఆ భాషలు వచ్చిన మనిషికి ఉద్యోగమిచ్చి పెట్టాలి. ఆశాలకు జీతం పెంచకుండా వారి మీదే ఈ పనీ వేయొద్దు. కాన్పు వీడియో ఎవరి ఫోన్‌లోకీ పోకూడదు. ప్రభుత్వ సర్వర్‌లోనే ఉండాలి, బోధనకు వాడాలంటే మళ్లీ అడగాలి. వద్దన్నవారికి ఆపరేషన్ మానేయకూడదు.

ఒకేసారి అన్ని చోట్లా పెట్టమని మేం పట్టుబట్టడం లేదు. ముందు చింతూరులో, వరదలకు ముందే మొదలుపెట్టండి. దారి మూసుకుపోయే చోట నిలబడితే ఇది ఎక్కడైనా నిలబడుతుంది. ఆరు నెలల తర్వాత ఎన్ని పిలుపులు వచ్చాయి, ఎన్ని నిమిషాల్లో తెర వెలిగింది, ఎన్నిసార్లు లైను తెగింది, ఎంతమందిని పంపించారు, ఎంతమంది చనిపోయారు అన్నది, పేర్లు లేకుండా, గిరిజన సలహా మండలి ముందూ, ఆ మండలాల గ్రామసభల ముందూ పెట్టండి. చావుల సంఖ్య దాచితే మిగతా అంకెలను కూడా మేం నమ్మం.

ఈ వినతిపై తీసుకున్న నిర్ణయాన్ని ముప్పై రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలని, అంతకు ముందే వైద్య విద్య, సెకండరీ హెల్త్, గిరిజన సంక్షేమ శాఖల అధికారులతో పాడేరులోనో చింతూరులోనో మాతో ఒక సమావేశం పెట్టాలని కోరుతున్నాం. సమావేశం విజయవాడలో పెడితే డ్యూటీలో ఉన్న నర్సులు రాలేరు.

ఇట్లు,
పాడేరు, రంపచోడవరం, చింతూరు ఐటీడీఏల పరిధిలోని గ్రామస్థులు, ఆశా కార్యకర్తలు, వైద్యులు, నర్సులు

ప్రతులు: గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి, వైద్య విద్య సంచాలకులకు, మూడు ఐటీడీఏల ప్రాజెక్టు అధికారులకు, కేజీహెచ్, కాకినాడ సర్వజనాసుపత్రి సూపరింటెండెంట్లకు.